కంపెనీ సర్వీసు సెంటరా, తెలిసిన మెకానిక్కా?

ప్రశ్న: మాకు ఉన్నది ఒక్కటే లారీ. మా వారు నడుపుతారు, లెక్కలూ వాయిదాలూ నేను చూసుకుంటాను. బండి 6 లక్షల కిలోమీటర్లు దాటింది, వారంటీ అయిపోయింది. కొన్ని నెలలుగా ఎత్తు ఎక్కేటప్పుడు సరిగా లాగడం లేదు. లోడు మీద నల్లపొగ కక్కుతోంది. ఇంజిన్ ఆయిలు మధ్యమధ్యలో పోయాల్సి వస్తోంది. కంపెనీ సర్వీసు సెంటర్‌లో స్కానర్ పెట్టి చూసి, ఇంజిన్ మొత్తం విప్పి ఓవర్‌హాల్ చేయాలి, ఇంజిన్‌లోకి గాలి నెట్టే టర్బోతో పాటు డీజిలు చిమ్మే ఆరు ఇంజెక్టర్లూ మార్చాలి, రెండు వారాలు పడుతుంది అన్నారు. ఏళ్ల తరబడి మా బండి చూస్తున్న మెకానిక్ మాత్రం ఇంజిన్ విప్పనక్కర్లేదు, టర్బో, రెండు ఇంజెక్టర్లు మారిస్తే చాలు, నాలుగు రోజుల్లో ఇచ్చేస్తాను అంటున్నారు. ఆయన చెప్పిన ఖర్చు కంపెనీవాళ్లు చెప్పిన దానిలో మూడో వంతు కూడా లేదు. మా వారికి ఆయన మీద గురి. నాకు భయం. ఎవరి దగ్గర చేయించాలి?

జవాబు: అమ్మా, ఎవరి దగ్గర చేయించాలో తేల్చుకునే ముందు తేలాల్సిన సంగతి ఒకటి మిగిలిపోయింది. అసలు బండికి వచ్చిన జబ్బేమిటి? ఇద్దరూ మందు రాసి ఇచ్చారు గాని, మీ ఉత్తరంలో పరీక్ష ఫలితం ఒక్కటీ లేదు. కంప్రెషన్, అంటే సిలిండర్లలో గాలి నొక్కుకునే ఒత్తిడి, ఎంత వచ్చిందో లేదు, ఇంజెక్టర్ల రిటర్న్, అంటే వాటినుంచి వెనక్కి పోయే డీజిలు, కొలత లేదు, టర్బో షాఫ్ట్‌ను ఎవరైనా చేత్తో కదిపి చూశారో లేదో తెలియదు. కంపెనీవాళ్లు మిమ్మల్ని మోసం చేస్తున్నారనీ అనను, మీ మెకానిక్‌కు పని రాదనీ అనను. ఇప్పటికి ఇద్దరివీ అంచనాలే. అంచనా మీద ఇంజిన్ విప్పించకండి, అంచనా మీద టర్బో కొననూ కొనకండి.

స్కానర్ పెట్టి చూశారు కదా అనవచ్చు మీరు. స్కానర్‌లో వచ్చే కోడ్ ఫలానా చోట కొలత తప్పిందని చెబుతుంది, ఎందుకు తప్పిందో చెప్పదు. బూస్ట్, అంటే టర్బో నెట్టే గాలి ఒత్తిడి, తక్కువగా ఉందని కోడ్ వచ్చిందనుకుందాం. టర్బో అరిగినా ఆ కోడే వస్తుంది. టర్బో నుంచి, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు వెళ్లే రబ్బరు గొట్టం అడుగు వైపు చీలినా, దాని క్లిప్పు వదులైనా అదే వస్తుంది. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా, పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుపోయినా, పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ దగ్గర లీకు ఉన్నా అంతే. వీటిలో కొన్ని గంటలో సరిచేసే పనులు. ఇంటర్‌కూలర్ గొట్టం చీలిక చేతికి తగులుతుంది గాని కంటికి కనపడదు. గాలి ఒత్తిడి పెట్టి సబ్బు నీళ్లు పోస్తే బుడగలు వచ్చేస్తాయి. ఆ పని ఇద్దరిలో ఎవరు చేశారో అడగండి.

ఇక పొగ సంగతి. నల్లపొగ అంటే డీజిలుకు తగినంత గాలి అందడం లేదనో, గాలికి మించి డీజిలు పడుతోందనో అర్థం. ఆయిలు మండితే పొగ నీలంగా ఉంటుంది. కూలెంటు ఆవిరైనా, డీజిలు మండకుండా బయటికి వచ్చినా తెల్లగా ఉంటుంది. మీరు రాసింది నల్లపొగ. అంటే వేళ్లు ముందుగా గాలి దారి వైపూ, ఇంజెక్టర్ల వైపూ చూపిస్తున్నాయి. అది ఒక్కటే చూసి ఎవరూ ఇంజిన్ విప్పరు. మీ బండికి డీపీఎఫ్, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్, ఉందో లేదో మీరు రాయలేదు. అది ఉండి, బాగా పనిచేస్తూ ఉంటే, గొట్టంలోంచి కంటికి కనిపించే నల్లపొగ రాకూడదు. వస్తోందంటే లోపలి ఫిల్టర్ పగిలిందనో, ఎప్పుడో ఎవరో దాన్ని తీసేశారనో అనుకోవాలి. దీని గురించి మీ వారిని అడగండి.

కంపెనీవాళ్లను ఓవర్‌హాల్ వైపు నడిపించింది బహుశా ఆయిలు తగ్గడమే. అది తోసిపుచ్చదగ్గ లక్షణం కాదు. అయితే ఆయిలు పోయే దారులు నాలుగైదు ఉన్నాయి. పిస్టన్ రింగులూ, సిలిండర్ లోపలి గోడలైన లైనర్లూ అరిగితే పోతుంది, అది పెద్ద పని. వాల్వ్ సీళ్లు గట్టిపడితే పోతుంది. టర్బో సీలు పోతే గాలి గొట్టంలోకి గాని, ఎగ్జాస్ట్‌లోకి గాని పోతుంది. చాలామంది చూడని దారి ఇంకొకటి ఉంది, బ్రేకులకు గాలి నింపే ఎయిర్ కంప్రెసర్. చాలా లారీల్లో దానికి ఇంజిన్ ఆయిలే అందుతుంది. దాని రింగులు అరిగితే ఆయిలు గాలి ట్యాంకులోకి చేరుతుంది. రేపు పొద్దున మీ వారిని ఎయిర్ ట్యాంకు కింద ఉన్న డ్రెయిన్ తెరిచి, ఒక తెల్లగుడ్డ అడ్డం పెట్టమనండి. కాస్త తేమ వస్తే మామూలే. నల్లటి జిగట ఆయిలు గుడ్డకు అంటితే, మీ ఆయిలులో కొంత భాగం ఎటు పోతోందో తెలిసినట్లే. గాలిలో తేమ తీసే ఎయిర్ డ్రయ్యర్ ఉన్న బండిలో ఆయిలు చాలావరకు డ్రయ్యర్ దగ్గరే ఆగుతుంది కాబట్టి, డ్రయ్యర్ గాలి వదిలే చోట కూడా గుడ్డ పెట్టి చూడాలి. దీనికి ఏ మెకానిక్కూ అక్కర్లేదు, ఖర్చు లేదు.

మిగతా పరీక్షలకు డబ్బు అవుతుంది. ఆ డబ్బు పెట్టండి. కంపెనీ సర్వీసు సెంటర్‌కు వెళ్లి, ఇప్పుడు మరమ్మతు చేయించడం లేదు, పరీక్షలు మాత్రమే చేసి, వచ్చిన కొలతలు కాగితం మీద రాసి ఇవ్వండి, దానికి కూలి వేరుగా కడతాం అని ముందే చెప్పండి. ఇంజిన్ వేడి మీద ఉండగా బ్లో-బై, అంటే పిస్టన్ల పక్కనుంచి ఇంజిన్ అడుగున ఉండే క్రాంక్‌కేస్‌లోకి దిగుతున్న గాలి ఎంతో కొలవాలి. అది ఎక్కువ వచ్చిన వెంటనే రింగులు పోయాయని తీర్పు చెప్పేయకూడదు. అరిగిన టర్బో గాని, ఎయిర్ కంప్రెసర్ గాని క్రాంక్‌కేస్‌లోకి గాలి తోసినా అదే కొలత వస్తుంది. వాటిని విడదీసి మళ్లీ చూడాలి. ఆ తరువాత ఆరు సిలిండర్ల కంప్రెషన్ విడివిడిగా. ఒకదానిలోనే తక్కువైతే కథ ఒకటి, ఆరింటిలోనూ ఒకేలా తగ్గితే కథ వేరు. తగ్గిన సిలిండర్‌లోకి గాలి పంపి, అది ఎక్కడినుంచి బయటికి వస్తోందో చెవి పెట్టి వినాలి. ఆయిలు పోసే మూత దగ్గర బుస్సుమంటే రింగులు, ఎగ్జాస్ట్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వ్, రేడియేటర్‌లో బుడగలు లేస్తే ఇంజిన్ పై భాగమైన హెడ్డుకూ కింది బ్లాకుకూ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్టో, హెడ్డులో పగులో. ఇవి ఎవరి అభిప్రాయం మీదా ఆధారపడని సంగతులు.

ఆయిలు మార్చే ముందు ఒక సీసాలో కొంచెం తీసి ల్యాబుకు పంపించండి. ఇనుము ఎక్కువగా కనిపిస్తే లైనర్లో, క్రాంకో, ఇతర ఇనుప భాగాలో అరుగుతున్నట్లు. సీసం, రాగి పెరిగితే బేరింగుల మీద అనుమానం. సోడియం, పొటాషియం పెరిగితే కూలెంటు కలుస్తోందేమోనని అనుమానించాలి. సిలికాన్ పెరిగిందంటే చాలావరకు దుమ్మే. ఎయిర్ ఫిల్టర్ దాటి దుమ్ము ఇంజిన్లోకి వెళ్తోందని అర్థం. దుమ్ము మీద నడిచిన ఇంజిన్ రింగులు త్వరగా అరుగుతాయి. ఆ దుమ్ము వచ్చే సందు మూయకుండా కొత్త లైనర్లు వేస్తే అవీ అదే దారి పడతాయి.

ఇంజెక్టర్లను మాత్రం కంపెనీకైనా, మీ మెకానిక్‌కైనా నేను అప్పజెప్పను. డీజిల్ ఇంజెక్షన్ ల్యాబు ఉన్నవాళ్ల దగ్గరికి పంపిస్తాను. ఒకే గొట్టం నుంచి అన్ని ఇంజెక్టర్లకూ డీజిలు అందే ఈ కాలం కామన్ రైల్ ఇంజిన్లలో డీజిలు ఒత్తిడి 1,600 నుంచి 2,000 బార్ దాకా, కొన్నింటిలో అంతకు పైగా ఉంటుంది. ఆ ఒత్తిడి దగ్గర ఇంజెక్టర్ బాగుందో లేదో బెంచి మీద పెట్టి కొలిస్తేనే తెలుస్తుంది. ఆరింటినీ విప్పి పరీక్ష చేయించండి. పాసైనవి ఉంచుకోండి, ఫెయిలైనవి మార్చండి. ఆరూ మార్చాలన్న మాట తప్పు కావచ్చు, రెండే పోయాయన్న మాటా తప్పు కావచ్చు. ఆరింటి వయసూ ఒకటే కాబట్టి, నాలుగు పోయి ఉన్నా ఆశ్చర్యం లేదు. అదే సమయంలో డీజిల్ ఫిల్టర్ కోసి చూడమనండి. అందులో మెరిసే లోహపు పొడి ఉంటే హై ప్రెషర్ పంపు లోపల అరుగుతోంది. పంపు సంగతి చూడకుండా కొత్త ఇంజెక్టర్లు బిగిస్తే కొద్ది రోజుల్లో అవి కూడా పాడవుతాయి.

ఈ కాగితాలు చేతికి వచ్చాక మీ అసలు ప్రశ్నకు జవాబు సులువవుతుంది.

కొలతలు మీ మెకానిక్ మాటను బలపరిస్తే, అంటే కంప్రెషన్ బాగుండి, టర్బో, కొన్ని ఇంజెక్టర్లు మాత్రమే పోయాయని తేలితే, పని ఆయనకే ఇవ్వండి. అందులో నాకు సందేహం లేదు. ఆ బండి శబ్దం ఆయనకు తెలుసు, దాని పాత మరమ్మతులు తెలుసు, రేపు ఏదైనా తేడా వస్తే ఫోను ఎత్తేదీ ఆయనే. కంపెనీలో మీతో మాట్లాడే సర్వీసు అడ్వైజర్ వేరు, బండి మీద చెయ్యి వేసే మనిషి వేరు. ఈసారి చేసిన మనిషి వచ్చేసారి అక్కడ ఉండకపోవచ్చు. పైగా వాళ్లు చాలాచోట్ల అసెంబ్లీ మొత్తం మారుస్తారు. లోపల పాడైన చిన్న భాగాన్ని విడిగా బాగుచేసే ఓపిక బయటి మెకానిక్కులకే ఎక్కువ. అయితే కొత్త ఇంజెక్టర్ మీద ఉండే కోడ్‌ను ఇంజిన్ కంప్యూటర్‌లో నమోదు చేయాల్సిన బండ్లు చాలా ఉన్నాయి. అది చేయకపోతే ఇంజిన్ గరగరలాడుతుంది, మైలేజీ పడిపోతుంది. మీ మెకానిక్ దగ్గర ఆ పరికరం లేకపోతే, బిగించాక బండిని కంపెనీకి తీసుకెళ్లి ఆ ఒక్క పని చేయించుకోవాలి. ఈ రెండు చోట్లనూ కలిపి వాడుకోవడంలో తప్పేమీ లేదు.

టర్బో విషయంలో ఇద్దరినీ ఒకే ప్రశ్న అడగండి: పాత టర్బో ఎందుకు పోయింది? నిమిషానికి దాదాపు 1,00,000 చుట్లు తిరిగే షాఫ్ట్ అది, పలుచటి ఆయిలు పొర మీద తేలుతూ తిరుగుతుంది. ఆ ఆయిలు అందక గాని, మురికి ఆయిలు వల్ల గాని, గాలితో పాటు ఏదైనా వచ్చి తగిలి గాని అది పోతుంది. ఆయిలు వచ్చే పైపు మసితో పూడుకుపోయి ఉంటే, దాన్ని మార్చకుండా కొత్త టర్బో బిగించినవాడు మీ డబ్బు నేల మీద పోసినట్లే. ఇంటర్‌కూలర్‌లో నిండిన పాత ఆయిలు కడగకపోయినా ప్రమాదమే. ఎందుకు పోయిందన్న ప్రశ్నకు కిలోమీటర్లు ఎక్కువయ్యాయి కదా అని తేల్చేసే చోట పని ఇవ్వకండి. విప్పి చూసి చెబుతాను, పైపు, ఫిల్టర్, క్రాంక్‌కేస్ గాలి వదిలే బ్రీదర్ కూడా చూడాలి అనేవారి దగ్గర ఇవ్వండి. కంపెనీ సెంటర్‌లోనూ అలాంటివారు ఉంటారు, చెట్టు కింద షెడ్డులోనూ ఉంటారు.

కొలతలు కంపెనీ మాటను బలపరిస్తే, ఓవర్‌హాల్ తప్పదని తేలితే, అప్పుడు నా సలహా మారుతుంది. ఇంజిన్ విప్పి కట్టడం నమ్మకంతో జరిగే పని కాదు, కొలతతో జరిగే పని. లైనర్ బ్లాకు మీద ఎంత పైకి ఉండాలో మిల్లీమీటరులో వందో వంతుల లెక్కలో ఉంటుంది. ఒకటి ఎత్తుగా, పక్కది పల్లంగా ఉంటే హెడ్ గ్యాస్కెట్ నిలవదు. చాలా ఇంజిన్లలో హెడ్ బోల్టులను ముందు ఇంత టార్క్‌తో, తరువాత ఇన్ని డిగ్రీలు అని రెండు దశల్లో బిగించాలి. వాటిలో కొన్ని ఒక్కసారికే పనికొస్తాయి. పాతవి మళ్లీ వేయకూడదు. కాబట్టి మీరూ మీ వారూ కలిసి ఒక సాయంత్రం మీ మెకానిక్ షెడ్డుకు వెళ్లి చూడండి. డయల్ గేజ్, మైక్రోమీటర్, టార్క్ రెంచ్ ఉన్నాయా? విప్పిన ఇంకో ఇంజిన్ ఏదైనా అక్కడ ఉంటే, దాని నోళ్లు గుడ్డతో మూసి ఉన్నాయా, దుమ్ములో తెరిచి పడేశారా? క్రాంకూ, హెడ్డూ లేత్ పనికి ఎక్కడికి పంపుతారు? మీ బండిలో ఉన్న ఇంజిన్‌నే ఇంతకుముందు కట్టారా, ఆ బండి ఇప్పుడు ఎవరి దగ్గర నడుస్తోంది? ఆ బండి యజమానితో మాట్లాడితే సగం సంగతి తేలుతుంది. ఈ ఇంజిన్ నేను కట్టలేదమ్మా, కంపెనీలోనే చేయించండి అని ఆయనే అంటే, ఆ మనిషిని జీవితాంతం వదులుకోకండి.

పనిముట్లు లేవనిపిస్తే, మొహమాటం లేకుండా ఓవర్‌హాల్ కంపెనీలో చేయించండి. మీది ఒక్కటే బండి, వాయిదాలు దాని మీదే నడుస్తున్నాయి. రెండోసారి ఇంజిన్ విప్పే స్తోమత లేనప్పుడు, వేరే ఊళ్లో ఆగిపోయినా అదే కంపెనీ ఇంకో సెంటర్‌లో చెల్లే రాతపూర్వక గ్యారంటీకి విలువ ఉంది. ఆ గ్యారంటీ విడిభాగాలకేనా, కూలికి కూడానా, ఎన్ని నెలలు, ఎన్ని కిలోమీటర్లు అన్నది బిల్లు మీదే రాయించుకోండి. మెకానిక్ దగ్గర చేయించినా ఇదే రాయించుకోండి. విడిభాగాలు మీరే కొని తెచ్చి ఇస్తే కొంత మిగులుతుంది గాని, ఆ భాగం పాడైతే మళ్లీ విప్పి బిగించే కూలి ఎవరూ భరించరు. అందుకే పెద్ద పనిలో విడిభాగాలూ కూలీ ఒకరి దగ్గరే ఉండాలంటాను. నకిలీ బేరింగులూ, నకిలీ ఫిల్టర్లూ అసలు పెట్టెల్లోనే వస్తున్నాయి. కొన్న చోటి బిల్లు, పార్ట్ నంబరు మీ ఫైల్లో ఉండాలి.

వారంటీ అయిపోయిందన్నారు. అయినా బండి ఛాసిస్ నంబరు ఇచ్చి, ఈ మోడల్ మీద రీకాల్ గాని, ఉచితంగా మార్చే భాగాలు గాని పెండింగులో ఉన్నాయేమో కంపెనీలో అడిగి రాయించుకోండి. ఫలానా నెలల్లో తయారైన బండ్లలో ఫలానా భాగం పాడవుతోందని కంపెనీలు తమ సెంటర్లకు సర్వీసు బులెటిన్లు పంపుతాయి. బయటి మెకానిక్‌కు అవి అందకపోవచ్చు. కొన్నిసార్లు ఇంజిన్ కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ మార్చడంతో తీరే తేడాలు కూడా ఉంటాయి. మామూలు వారంటీ ముగిసినా పొగను శుద్ధి చేసే భాగాలకు విడిగా ఎక్కువ కాలం వారంటీ ఇచ్చే కంపెనీలు ఉన్నాయి. అడగనిదే ఎవరూ చెప్పరు.

పని మధ్యలో ఎవరైనా ఈజీఆర్ మూసేద్దాం, డీపీఎఫ్ ఖాళీ చేసేద్దాం, బండి గుర్రంలా పరుగెత్తుతుంది అని చెప్పవచ్చు. ఒప్పుకోకండి. చాలాచోట్ల అది నేరం, ఆ పొగ పీల్చేది మనుషులు, పైగా బండి అమ్మేటప్పుడు ఆ మాట దాచలేరు. ఆయిలు మండిన బండికి డీపీఎఫ్‌లో బూడిద పేరుకుని ఉంటుంది. మసి వేడికి కాలిపోతుంది గాని ఈ బూడిద కాలదు, ఫిల్టర్ విప్పి శుభ్రం చేయించాలి. మరమ్మతు అంచనాలో ఆ పని ఉందో లేదో చూడండి.

రోజుల లెక్క కూడా వేయండి. రెండు వారాలకూ నాలుగు రోజులకూ మధ్య బండి నిలిచిపోతే పోయే కిరాయిని కంపెనీ ఖర్చుకు కలిపితే తేడా ఇంకా పెరుగుతుంది. కానీ ఆ నాలుగు రోజులు విడిభాగాలన్నీ చేతిలో ఉంటేనే నాలుగు. టర్బో వచ్చాక, ఇంజెక్టర్ల రిపోర్టు వచ్చాక మాత్రమే బండి షెడ్డులో పెట్టండి. అక్కడ విప్పి పరిచాక, ఒక గ్యాస్కెట్ కోసం వారం ఆగిన బండ్లు చాలా చూశాను. అంచనాకు మించి ఏది చేయాలన్నా ముందు ఫోను చేసి మీ అనుమతి తీసుకోవాలనీ, తీసేసిన పాత భాగాలు చూపించాలనీ చెప్పండి. పాతది ఇచ్చి కొత్తది తీసుకునే పద్ధతిలో ఆ భాగం వాళ్లకే పోతుంది, అప్పుడు కనీసం ఫొటో తీసి ఉంచుకోండి.

ఈ లోపు బండి నడపక తప్పదు కాబట్టి మీ వారికి ఒక మాట. రోజూ బయల్దేరే ముందు ఆయిలు మట్టం, కూలెంటు మట్టం చూడాలి, ఎంత ఆయిలు పోశారో కిలోమీటర్లతో సహా ఒక పుస్తకంలో రాయాలి. ఆ లెక్క మెకానిక్‌కు స్కానర్ కంటే ఎక్కువ చెబుతుంది. లోడు తగ్గించుకోవాలి, ఎత్తు మీద పై గేరులో ఇంజిన్‌ను ఒత్తి లాగించకూడదు. ఆయిల్ ప్రెషర్ దీపం వెలిగితే ఆ క్షణమే ఆపాలి. టర్బో సీలు పూర్తిగా తెగితే ఇంజిన్ తన ఆయిలునే మండించుకుంటూ, యాక్సిలరేటర్ మీద కాలు లేకపోయినా వేగం పెంచుకుంటూ పోవచ్చు. తాళం తిప్పినా ఆగదు. మాన్యువల్ గేరు బండి అయితే బ్రేకు గట్టిగా పట్టి, పై గేరులో పెట్టి క్లచ్ వదిలితే ఇంజిన్ ఆగిపోతుంది. అప్పటికీ ఆగకపోతే బండి దిగి దూరంగా వెళ్లిపోవాలి, చెయ్యి పెట్టి గాలి దారి మూసే ప్రయత్నం చేయకూడదు. ఇలా జరగడం అరుదే, కానీ ఆయిలు తాగుతున్న టర్బోతో నెలల తరబడి తిరగవద్దని చెప్పడానికే ఇంత వివరంగా రాశాను.

మీ మెకానిక్ నొచ్చుకుంటారేమోనని మీ వారు వెనకాడవచ్చు. ఇంజెక్టర్లు ల్యాబుకు పంపిస్తున్నాం, కంప్రెషన్ కాగితం తెస్తాం, చూసి మీరే చెప్పండి అని ఆయనతో అనండి. పని తెలిసిన మనిషికి కొలతలంటే ఇష్టమే ఉంటుంది. కంప్రెషన్, బ్లో-బై, ఇంజెక్టర్ రిపోర్టు, ఆయిలు ల్యాబు కాగితం, ఈ నాలుగూ వచ్చాక రెండు కొత్త అంచనాలు జత చేసి నాకు మళ్లీ రాయండి. ఇంజిన్ మోడల్, తయారైన సంవత్సరం కూడా రాస్తే, ఏ పని ఎక్కడ ఇవ్వాలో వరస కట్టి చెబుతాను.